చెబితే మానం పోదు



పెద్దవాళ్ళ నోట ఒక మాట మీరు వినే ఉంటారు. "చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది" అంటారు. నోరు విప్పితే పరువు పోతుందని భయం. విప్పకపోతే లోపల కుమిలిపోవడం. ఎటూ తోచని మనిషి పరిస్థితి అది. ఈ రోజు మాట్లాడుకునేది అలాంటి ఒక సంగతి గురించే.

మనసులో బాధ పట్టలేక కొందరు తమ ఒంటిని తామే గాయపరచుకుంటారు. వయసులో ఉన్నవాళ్ళూ చేస్తారు, పెద్దవాళ్ళూ చేస్తారు. ఆడవాళ్ళూ చేస్తారు, మగవాళ్ళూ చేస్తారు. చదువుకున్న ఇంట్లో ఉంటుంది, చదువు లేని ఇంట్లోనూ ఉంటుంది. కానీ దీని గురించి పైకి మాట్లాడేవాళ్ళు తక్కువ. గాయానికి గుడ్డ కడతారు. నోటికి కూడా గుడ్డ కడతారు.

ఒక కోడలి కథ

ఒక ఊరు అనుకుందాం. ఆ ఊళ్ళో ఒక కోడలు. ఇరవై నాలుగేళ్ళ వయసు. ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి ఆరో నెల. భర్త పట్నంలో తాపీ పని చేస్తాడు. నెలకోసారి ఇంటికి వస్తాడు.

రెండోసారీ ఆడపిల్లే పుట్టిందని ఇంట్లో అందరికీ ముఖాలు ముడుచుకుపోయాయి. చూడడానికి వచ్చినవాళ్ళు కూడా "అయ్యో, మళ్ళీ ఆడపిల్లేనా?" అన్నారు. ఆ మాట ఆమె మనసులో ముల్లులా దిగింది.

కొన్నాళ్ళకు ఆమెకు నిద్ర పట్టడం మానేసింది. అన్నం సయించలేదు. బిడ్డ ఏడుస్తున్నా ఎత్తుకోబుద్ధి అయ్యేది కాదు. "నేను దేనికీ పనికిరాను" అనుకునేది. పని చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

ఒక రోజు అత్త ఆమె చెయ్యి మీద గాయం చూసింది.

"ఏమైందే అమ్మాయ్?" అని అడిగింది.

"పొయ్యి దగ్గర కాలింది అత్తయ్యా" అంది కోడలు.

నెల తిరక్కుండానే ఇంకో గాయం. ఈసారి అందరికీ తెలిసిపోయింది. అది పొయ్యి వల్ల అయింది కాదు. ఆమె తనకు తానే చేసుకుంది.

ఇంట్లో తలా ఒక మాట అన్నారు.

"పని ఎగ్గొట్టడానికి నాటకాలు" అంది అత్త.

"వదినకు గాలి సోకింది. మంత్రగాణ్ణి పిలవాలి" అంది ఆడబిడ్డ.

"ఊళ్ళో తెలిస్తే మన పిల్ల పెళ్ళి ఆగిపోతుంది. ఎవరూ నోరు మెదపొద్దు" అన్నాడు మామ.

పుట్టింటికి కబురు వెళ్ళింది. తల్లి పరుగున వచ్చింది. కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. "ఆడదానికి ఓర్పు ఉండాలమ్మా. పిల్లల మొహం చూసి సర్దుకుపో" అంది. "మళ్ళీ ఇలా చెయ్యనని నా మీద ఒట్టు వెయ్యి" అని కూతురి చెయ్యి తన తల మీద పెట్టుకుంది.

మంత్రగాడు కూడా వచ్చాడు. వేపమండలతో కొట్టాడు. డబ్బూ కోడీ పట్టుకుపోయాడు.

ఇంతమంది ఇన్ని మాటలు అన్నారు. ఇన్ని పనులు చేశారు. కానీ ఒక్కరు కూడా "నీ మనసులో ఏముందమ్మా?" అని అడగలేదు.

కోడలు పొడుగు చేతుల జాకెట్టు వేసుకోవడం మొదలుపెట్టింది. గాయాలు ఆగలేదు. కనబడకుండా పోయాయి, అంతే.

ఆ మాటల్లో నిజమెంత?

ఇలాంటి మాటలు మన ఊళ్ళలో చాలా ఇళ్ళలో వినిపిస్తాయి. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. తెలియక అంటారు. భయపడి అంటారు. ఒక్కో మాట తీసుకుని చూద్దాం.

"నాటకాలు" అంటారు. నాటకం నలుగురు చూడాలని ఆడతారు. ఆ కోడలు గాయాన్ని దాచుకుంది. దాచుకునేది నాటకం ఎలా అవుతుంది? ఒకవేళ ఎవరైనా నలుగురికీ కనబడేలా చేసినా, అది కూడా "నన్ను పట్టించుకోండి" అని అడగడమే. ఒళ్ళు గాయపరచుకుని మరీ అడగాల్సి వచ్చిందంటే, అంతకుముందు ఆమె చెప్పిన మాట ఎవరూ విని ఉండరు.

"గాలి సోకింది, దయ్యం పట్టింది" అంటారు. మనసుకు కూడా జబ్బు చేస్తుంది. చాలా రోజులు దిగులు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం, దేని మీదా ఆశ లేకపోవడం, ఇవి దిగులు జబ్బు లక్షణాలు. దీన్ని డాక్టర్లు డిప్రెషన్ అంటారు. కాన్పు తర్వాత కొందరు తల్లులకు ఈ జబ్బు వస్తుంది. అది ఆ తల్లి తప్పు కాదు. బిడ్డ మీద ప్రేమ లేక కాదు. దెబ్బలు కొడితే జ్వరం తగ్గదు. ఈ జబ్బు కూడా తగ్గదు.

"పిచ్చి" అంటారు. తనను తాను గాయపరచుకున్న ప్రతి మనిషికీ మతి తప్పినట్టు కాదు. అందరూ చావాలనే ఆ పని చేస్తారనీ కాదు. మనసులో మోయలేని బరువు ఉంటుంది. దాన్ని మాటల్లో చెప్పడం చేతకాదు. చెప్పుకునే మనిషీ ఉండదు. ఆ బరువు ఒంటి మీద పడుతుంది. దానివల్ల బరువు దిగదు. సిగ్గు, భయం అదనంగా వచ్చి చేరతాయి. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. ఇలా గాయపరచుకునేవాళ్ళకు మున్ముందు ప్రాణం మీదకు వచ్చే ప్రమాదం మిగతావాళ్ళకంటే ఎక్కువ. అందుకే మొదటి గాయం చూసినప్పుడే పట్టించుకోవాలి.

"ఒట్టు వెయ్యి" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఒట్టు వల్ల జబ్బు నయం కాదు. పైగా ఒట్టు తప్పినప్పుడు ఆ మనిషి రెండు రకాలుగా బాధపడుతుంది. గాయం బాధ ఒకటి, అమ్మ మీద ఒట్టు తప్పానే అన్న బాధ ఇంకొకటి. అప్పుడు ఇంకా లోపల దాచుకుంటుంది. ఒట్టు బదులు ఇంకో మాట అడగవచ్చు. "మళ్ళీ అలా అనిపిస్తే ముందు నా దగ్గరకు రా. అర్ధరాత్రి అయినా సరే లేపు" అని చెప్పవచ్చు.

"అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టు అవుతుంది" అని కొందరి భయం. ఇది నిజం కాదు. నెమ్మదిగా, ప్రేమగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. "నా బాధ ఒకరికి పట్టింది" అని ఆ మనిషికి కాస్త ఊరట కలుగుతుంది.

ఒక పెద్దమ్మ ఏం చేసింది?

ఆ కోడలి ఇంటి పక్కన ఒక పెద్దమ్మ ఉంది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న మనిషి. ఒక మధ్యాహ్నం చింతపండు వలవడానికి సాయం రమ్మని కోడల్ని పిలిచింది. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. చాలాసేపు పెద్దమ్మ ఏమీ అడగలేదు.

తర్వాత మెల్లగా అంది. "గాయం ఎలా అయిందో నాకు చెప్పక్కర్లేదు తల్లీ. మనసులో ఏముందో చెప్పు. నీకు చెప్పాలనిపించినంతే చెప్పు."

కోడలు మొదట ఏడ్చింది. పెద్దమ్మ ఏడవనిచ్చింది. "ఏడవకు" అనలేదు. "మా రోజుల్లో ఇంతకంటే కష్టాలు పడ్డాం" అనలేదు. వింటూ కూర్చుంది, అంతే.

అంతా విన్నాక ఒక మాట అడిగింది. "చచ్చిపోవాలని కూడా అనిపిస్తోందా అమ్మా?"

కోడలు తల ఊపింది. "ఒక్కోసారి" అంది.

పెద్దమ్మ భయపడింది. కానీ అరవలేదు. ఆ రోజు ఆమెను ఒంటరిగా వదల్లేదు. "ఇది నీ ఒక్కదాని వల్లా నా ఒక్కదాని వల్లా అయ్యేది కాదు. మీ అత్తకు చెప్పాలి, ఆశా అమ్మాయికీ చెప్పాలి. నువ్వు సరేనంటే నేనే పిలుస్తాను" అంది. కోడలు సరేనంది.

పెద్దమ్మ ముందు అత్తతో మాట్లాడింది. ఆ ఇంట్లో చేలకు కొట్టే మందు డబ్బాలు వసారాలోనే ఉన్నాయి. వాటిని తీయించి, పెట్టెలో పెట్టి తాళం వేయించింది. ఇది చాలా ముఖ్యమైన పని. ప్రాణం మీదకు తెచ్చే ఆలోచన చాలామందికి ఒక గడియ బలంగా వస్తుంది, తర్వాత తగ్గుతుంది. ఆ గడియలో ప్రమాదమైన వస్తువు చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది.

మర్నాడు ఆశా కార్యకర్త, పెద్దమ్మ కలిసి ఆమెను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళారు. అక్కడి డాక్టరు గాయానికి కట్టు కట్టారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరకు చీటీ రాసి పంపారు.

"అక్కడికి వెళ్తే పిచ్చిదని ముద్ర వేస్తారేమో" అని కోడలు భయపడింది.

ఆ భయం ఊరికే రాలేదు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆసుపత్రి ఉంది. విశాఖపట్నంలో మానసిక ఆసుపత్రి ఉంది. ఎంతోమందికి వైద్యం చేసిన చోట్లు అవి. కానీ జనం నోట్లో "ఎర్రగడ్డకు పంపాలి" అనే మాట ఒక తిట్టు అయిపోయింది. గుండె జబ్బుకు ఆసుపత్రికి వెళ్తే పండ్లు పట్టుకుని చూడడానికి వస్తారు. మనసు జబ్బుకు వెళ్తే తలుపు చాటు నుంచి చూస్తారు. మారాల్సింది ఇదే.

జిల్లా ఆసుపత్రిలో డాక్టరు ఆమెతో ఒంటరిగా మాట్లాడారు. మందులు రాశారు. రెండు మూడు వారాలు వాడాక గాని గుణం తెలియదని ముందే చెప్పారు. బాగుందనిపించగానే సొంతంగా ఆపొద్దని కూడా చెప్పారు. బిడ్డకు పాలిస్తున్న సంగతి అడిగి, దానికి తగిన మందు ఇచ్చారు. మాటలతో చేసే వైద్యం కూడా ఉంటుంది. దాన్ని కౌన్సెలింగ్ అంటారు. బాధ ముంచుకొచ్చినప్పుడు ఏం చెయ్యాలో అందులో నేర్పుతారు.

కోడలు ఒక్క రోజులో మారిపోలేదు. నెమ్మదిగా నిద్ర పట్టింది. ఆకలి వేసింది. మధ్యలో ఒకసారి మళ్ళీ గాయపరచుకుంది. కానీ ఈసారి దాచుకోలేదు. తానే వెళ్ళి అత్తకు చూపించింది.

అత్త అరవలేదు. పక్కన కూర్చుంది. చాలాసేపు ఊరుకుంది. తర్వాత అంది. "నాకు మూడో ఆడపిల్ల పుట్టినప్పుడు నాకూ ఇలాగే ఉండేదే. బావి గట్టు మీద కూర్చుని ఏడ్చేదాన్ని. నన్ను అడిగినవాళ్ళు లేరు. నిన్ను నేనూ అడగలేదు."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో "మళ్ళీ ఆడపిల్లేనా" అన్న మాట అత్తే ఎవర్నీ అననివ్వలేదు. అదీ వైద్యమే. మందు డాక్టరు ఇస్తారు. కానీ మనసుకు ముల్లు గుచ్చిన మాటను తీయాల్సింది ఇంట్లోవాళ్ళే. ఇంట్లో కొట్టడం, తిట్టడం, తాగి వేధించడం ఉంటే అది కూడా ఆగాలి. లేకపోతే ఒక చేత్తో మందు వేసి, ఇంకో చేత్తో గాయం చేసినట్టే.

చట్టం ఏమంటుంది?

"ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసు అవుతుంది" అనే భయంతో కొందరు గాయాలను ఇంట్లోనే దాచేస్తారు. వైద్యం ఆలస్యం అవుతుంది. ఈ సంగతి అందరికీ తెలియాలి.

పూర్వం చావడానికి ప్రయత్నించడం నేరం. 1860 నాటి శిక్షాస్మృతిలో 309వ సెక్షన్ ఉండేది. ఏడాది దాకా జైలు అని అందులో రాసి ఉండేది. తర్వాత 2017లో మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది. 2018లో అమలైంది. అలాంటి పని చేసిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, శిక్షించకూడదని ఆ చట్టం చెప్పింది. ఆ మనిషికి వైద్యం, ఆదరణ ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత అని కూడా చెప్పింది. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 309వ సెక్షన్ లాంటిది లేదు. ప్రభుత్వ అధికారిని తన పని చేయనివ్వకుండా బలవంతపెట్టడానికి అలా చేస్తే మాత్రమే నేరం.

ఆసుపత్రివాళ్ళు పోలీసులకు కబురు చెప్పి, కాగితం రాయవచ్చు. అంతమాత్రాన జైలు అని కాదు. ప్రాణం మీదకు వచ్చినప్పుడు ముందు వైద్యం చెయ్యాలి, కాగితాలు తర్వాత అని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

2017 చట్టంలో ఇంకా కొన్ని హక్కులు ఉన్నాయి. ప్రభుత్వ వైద్య సేవల్లో మనసు జబ్బుకు వైద్యం పొందే హక్కు ప్రతివారికీ ఉంది. రోగి సంగతులను వైద్యం చేసేవాళ్ళు గుట్టుగా ఉంచాలి. మనసు జబ్బు ఉన్నవాళ్ళను గొలుసులతో కట్టకూడదు.

గొలుసుల మాట ఎందుకు వచ్చింది? తమిళనాడులో రామనాథపురం జిల్లాలో ఏర్వాడి అనే ఊరు ఉంది. అక్కడి దర్గాకు మనసు జబ్బు ఉన్నవాళ్ళను తీసుకువచ్చేవారు. చుట్టుపక్కల పాకల్లో గొలుసులతో కట్టి ఉంచేవారు. 2001 ఆగస్టు 6న ఒక పాకకు నిప్పు అంటుకుంది. గొలుసులు ఉండడంతో లోపలివాళ్ళు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. దేవుడికి మొక్కుకోవడం తప్పు కాదు. మొక్కు మొక్కుకోండి, మందూ వాడండి. కానీ మనిషిని గొలుసుతో కట్టడం, కొట్టడం భక్తి కాదు.

ఇంటి గుట్టు

"ఇంటి గుట్టు లంకకు చేటు" అంటారు. ఈ సామెత చెప్పి ఆడవాళ్ళ నోళ్ళు ఎన్నోసార్లు మూయించారు. ఒకప్పుడు మొగుడు తాగొచ్చి కొట్టడం కూడా ఇంటి గుట్టే అనేవారు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. రాత్రి బడుల్లో ఆడవాళ్ళు సారా గురించి పాఠం చదివారు. చదివి మాట్లాడుకున్నారు. "మా ఇంట్లోనూ అంతే" అని ఒకరు అన్నారు. "మా ఇంట్లోనూ అంతే" అని ఇంకొకరు అన్నారు. ఇంటి గుట్టు అనుకున్నది ఊరందరి కష్టమని తేలింది. దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా ఆపించారు. ఆ మాట ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్ళు నోరు విప్పినందుకు ఎవరి మానమూ పోలేదు.

మనసు బాధ విషయంలోనూ ఇంతే. ఒకరు నోరు విప్పితే ఇంకొకరికి ధైర్యం వస్తుంది. అయితే ఒక జాగ్రత్త ఉండాలి. ఒకరు నమ్మి చెప్పిన మాటను బోరింగు దగ్గర కబుర్లు చేసుకోకూడదు. సాయం చెయ్యగలవాళ్ళకే చెప్పాలి. ఆ మనిషిని అడిగే చెప్పాలి. ప్రాణం మీదకు వచ్చినప్పుడు మాత్రం దాచకూడదు.

ఏం చెయ్యాలి?

ఎవరి ఒంటి మీదైనా మళ్ళీ మళ్ళీ గాయాలు కనబడితే ముఖం తిప్పుకోకండి. నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి అడగండి.

చెప్పేటప్పుడు అడ్డు రాకండి. తిట్టకండి. నీతులు చెప్పకండి.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడగడానికి జంకకండి. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుల మందులు, ప్రమాదమైన వస్తువులు దూరంగా తాళం వేసి పెట్టండి.

గాయం పెద్దదైతే, ఏదైనా మింగినట్టు తెలిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. నాటు వైద్యంతో ఆలస్యం చేయకండి.

మనసు బాగాలేకపోతే 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. దీన్ని టెలీ మానస్ అంటారు. ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు. రాత్రీ పగలూ పలుకుతారు. తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో హింస ఉంటే 181 నంబరుకు చేయవచ్చు.

ఈ నంబర్లు చదవడం ఇప్పుడు మీకు వచ్చు. రాయడమూ వచ్చు. 14416 అని ఒక కాగితం మీద పెద్దగా రాయండి. సంఘం గదిలో గోడకు అంటించండి. ఏ కోడలు, ఏ కూతురు, ఏ కొడుకు దాన్ని చూసి ధైర్యం తెచ్చుకుంటారో ఎవరికి తెలుసు?

ఇది వింటున్నవాళ్ళలో పొడుగు చేతుల జాకెట్టు కింద గాయం దాచుకున్నవాళ్ళు ఉండవచ్చు. వాళ్ళకు ఒక్క మాట. మీరు చెడ్డవాళ్ళు కారు. మీది పాపం కాదు. మీకు సాయం ఉంది. ఈ రోజే ఒక్కరికి చెప్పండి. చెబితే మానం పోదు. ప్రాణం నిలుస్తుంది.

మాట్లాడుకోండి

1. కోడలి గాయం చూసి ఇంట్లోవాళ్ళు ఏమేం అన్నారు? ఆ మాటల వల్ల ఏం జరిగింది?

2. పెద్దమ్మ ఎలా అడిగింది? మీరైతే ఎలా అడుగుతారు?

3. ఒట్టు వేయించుకోవడం కంటే ఏ మాట మేలు?

4. ఇద్దరిద్దరు కూర్చోండి. ఒకరు చెప్పండి, ఒకరు వినండి. అడ్డు రాకుండా వినడం ఎంత కష్టమో చూడండి.

5. 108, 181, 14416. ఈ మూడు నంబర్లు రాయండి. ఏది దేనికో పక్కన రాయండి.